నాయిన అడిగింది మాట

2019 దసరా బోనసు ఖాతాలో పడ్డ వారం, ఆదివారం పొద్దున్నే రుద్రారం స్టేజీలో బస్సెక్కి కోఠి పోయాను. గుజరాతీ గల్లీలో స్పీకర్ల దుకాణాలన్నీ రెండుసార్లు తిరిగి, మధ్యాహ్నం దాటాక ఒక 5.1 రిసీవరు, దానికి ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు బేరం చేశాను. రిసీవరుకు 28 వేలు, స్పీకర్లకు 19 వేలు, వైర్లకు ఇంకో 1,500. ఇంట్లో నేను చెప్పిన లెక్క 30 వేలు. మిగతాది చిట్టీ ఎత్తి తెచ్చిన డబ్బు. ఆ సంగతి నా భార్యకు ఏడాది తర్వాత, చిట్టీ పుస్తకం బీరువాలో దొరికినప్పుడు తెలిసింది. ఈ విషయంలో నేను ఒప్పుకోవాల్సిన వాటిలో అది చిన్నది. పెద్దది మా నాయినకు సంబంధించింది.

నాయిన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫోర్జింగ్ కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను పట్టకారుతో తెచ్చి డై మీద పెడితే పైనుంచి హ్యామర్ పడుతుంది. షిఫ్టుకు కొన్ని వందల దెబ్బలు. 2012లో రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలిన సరదా పాత సినిమాలు, వాటిలోనూ 'దాన వీర శూర కర్ణ'. ఎన్టీ రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తానే వేసి, దర్శకత్వం కూడా తానే చేసిన 1977 సినిమా. దాన్ని నాయిన చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణలు క్యాసెట్ల మీద వచ్చి ఊరూరా మోగిన కాలం అది. నాకు ఊహ తెలిసేనాటికే ఆ క్యాసెట్టు మా ఇంట్లో ఉంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి, అన్నం తిని, టేప్‌రికార్డర్ తలాపున పెట్టుకుని, దుర్యోధనుడి మాటలు వింటూ నిద్రపోయేవాడు. నాకు చదువుకన్నా ముందు ఆ సమాసాలు నోటికొచ్చాయి.

రిసీవరు నాయిన కోసం కొన్నానని అందరికీ చెప్పాను. ఆ సినిమాను థియేటరులో చూసినట్టు ఇంట్లో చూపించాలని ఉందని చెప్పాను. నిజం ఏమిటంటే, 2015లో 'బాహుబలి' చూసినప్పుడు యుద్ధంలో బాణాలు నా వీపు వెనక నుంచి లేచి ముందుకు పోయిన సౌండు నా తలలోంచి పోలేదు. నాలుగేళ్లు ఆ ఆశ మోశాను. నాయిన పేరు ఆ ఖర్చుకు నేను చెప్పుకున్న సాకు. కొడుకు తండ్రి కోసం కొన్నాడంటే ఎవరూ ఎదురు మాట్లాడరని నాకు తెలుసు.

దుకాణంలో నా కళ్లు అట్టపెట్టె మీది అంకె మీదే ఉన్నాయి. ఒక్కో ఛానెల్‌కు 140 వాట్లు. పక్కనున్న ఇంకో పెట్టె మీద 70 అని ఉంది, ధర దాదాపు అదే. 140 ఉన్నదే తీసుకున్నాను. నేను పాశమైలారంలో ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తాను. మోటారు నేమ్‌ప్లేటు చదవకుండా దానికి వైరు కలపను. అలాంటివాణ్ని, ఇంటికి తెచ్చిన డబ్బా వెనక ఏం రాసి ఉందో మూడేళ్లు చూడలేదు. చూసిననాడు అక్కడ ఉన్నది, అది కరెంటు లాగేది 250 వాట్లని. ఐదు 140లు 700. ఆ 250 ఒక కొలత ప్రకారం వేసిన అంకె, పెద్ద సౌండు వచ్చిన క్షణంలో అంతకన్నా ఎక్కువ లాగవచ్చు, అది వేరే సంగతి. అయినా 250 తీసుకునే డబ్బా గంటసేపు 700 ఇవ్వలేదని ఐటీఐ పిల్లవాడు కూడా చెప్తాడు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంది. 140 అన్నది ఒకే ఛానెల్ మోగుతుండగా, ఒకే ఒక్క స్వరం దగ్గర, 6 ఓమ్‌ల లోడు మీద, కొంత బొంగురును ఒప్పుకుని కొలిచింది. 70 అన్న పెట్టెవాళ్లు కొలిచింది 8 ఓమ్‌ల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, రెండు ఛానెళ్లు కలిపి నడుపుతూ. రెండూ నిజాలే. ఒకదాన్ని మీటరుతో, ఇంకోదాన్ని అడుగుతో కొలిచి పక్కపక్కన పెట్టినట్టు.

పైగా అన్ని వాట్లు నాకు అక్కరే లేదు. పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి అది కొంచెం పెరిగిందనిపించేంతే. సౌండు రెండింతలైనట్టు తోచాలంటే సుమారు పది రెట్ల పవరు కావాలి. మామూలు స్పీకరుకు 1 వాట్ ఇచ్చి మీటరు దూరంలో నిలబడితే 85 నుంచి 90 డెసిబెల్స్ వినిపిస్తుంది. మా హాలు పది అడుగులు, పన్నెండు అడుగులు. అందులో సినిమా చూడటానికి చాలాసేపు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. ఎక్కడో బాంబు పేలినప్పుడు క్షణంపాటు కొన్ని పదులు.

దుకాణం ఆయన ఒక్క మాట మంచిది చెప్పాడు. "ఐదింటిలో సెంటర్ స్పీకరు ముఖ్యం అన్నా. సినిమాలో మాటలన్నీ దాదాపు దాంట్లోంచే వస్తయి. అది చెవి ఎత్తుకు, మనిషి వైపు చూసేటట్టు పెట్టు." తల ఊపాను. ఇంటికొచ్చి ఏం చేశానో చూడండి. మా బిడ్డకు అప్పుడు నాలుగేళ్లు. వేలితో కోన్ పొడిచేస్తుందని భయం. సెంటర్ స్పీకరును టీవీ యూనిట్ కింది అరలో, గాజు తలుపు వెనక పెట్టి తాళం వేశాను. దాని పక్క అరలోనే రిసీవరు. వెనక స్పీకర్లు రెండూ దర్వాజ పైన మేకులకు. సబ్‌వూఫరు మూలకు, ఎందుకంటే మూలన పెడితే గుండె అదిరింది. అదిరింది కాబట్టి మంచిదనుకున్నాను.

పండగ రోజు అందరినీ కూర్చోబెట్టాను. అక్క వాళ్లు సదాశివపేట నుంచి వచ్చారు. నాయిన తలుపు దగ్గర తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, ఎప్పుడూ అక్కడే. 'దాన వీర శూర కర్ణ' పెట్టాను. నాలుగు గంటలకు దగ్గరి సినిమా, మధ్యలో భోజనాలని కూడా అనుకున్నాం. రిసీవరులో సౌండు పద్ధతులు చాలా ఉంటాయి. నేను పెట్టింది మల్టీ స్టీరియో. అందులో ఐదు స్పీకర్లలోంచీ ఒకటే సౌండు వస్తుంది. ఐదింటికీ డబ్బులు కట్టాను కదా, ఐదూ మోగాలని నా పట్టుదల.

పది నిమిషాలకు నాయిన లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

వెనకాలే పోయి అడిగాను. "సప్పుడు మస్తున్నది బిడ్డా. మాట సమజైతలేదు" అన్నాడు. నేను లోపలికొచ్చి వాల్యూమ్ 45 నుంచి 58కి పెంచాను, అరుగు మీదికి కూడా వినబడాలని. ఆయన అరుగు దిగి గణేశ్ గడ్డ గుడి వైపు నడుచుకుంటూ పోయాడు. మళ్లీ చీకటి పడ్డాకే వచ్చాడు.

ఆ రోజు ఆయన చెప్పింది అక్షరాలా నిజం, అక్షరాలా పూర్తి. చప్పుడు ఎక్కువైంది, మాట అర్థం కావట్లేదు. రెండు వాక్యాలు. నేను రెండోది మాత్రమే పట్టుకుని, దాన్ని 'వినబడట్లేదు' అని మార్చుకుని, మందుగా మొదటిదాన్నే ఇంకా పోశాను. అట్ల మూడేళ్లు పోశాను.

ఇప్పుడు తెలిసింది రాస్తున్నాను. పాత సినిమా మోనో. కుడి ఎడమ ఛానెళ్లలో ఒకటే సౌండు ఉంటుంది. రిసీవరును ప్రో లాజిక్ పద్ధతిలో పెడితే రెండు వైపులా ఒకేలా ఉన్నదాన్ని గుర్తుపట్టి మొత్తం సెంటర్‌కు పంపుతుంది. అంటే ఎన్టీఆర్ గొంతు టీవీ కిందనుంచి ఒక్కచోట నుంచే నేరుగా వస్తుంది. నేను పెట్టిన మల్టీ స్టీరియోలో అదే గొంతు ఐదు మూలల నుంచి వచ్చింది. సౌండు ఒక అడుగు నడవడానికి మిల్లీసెకనుకు కాస్త తక్కువ పడుతుంది. తలుపు దగ్గర కూర్చున్న మనిషికి నెత్తిమీది స్పీకరు ముందు చేరుతుంది, టీవీ దగ్గరివి పది మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా చేరతాయి. దానికి తోడు నున్నటి బండలు, సిమెంటు గోడలు, పైన స్లాబు. పరదాలు కూడా లేవు. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడి అలికినట్టవుతుంది. మంచి చెవులున్న మేము ఆ మసకను మెదడుతో సరిదిద్దుకుంటాం. నాయినకు ఆ వీలు లేదు.

తర్వాతి సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పను. ఎదురింట్లో అద్దెకుండే ఒడిశా తమ్ముడు ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చి తలుపు కొట్టాడు. ఎర్రటి కళ్లు. "అన్నా, రాత్రి డ్యూటీ" అని అంతకుమించి ఒక్క మాట అనలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంది, రాత్రంటే 10 గంటల నుంచి పొద్దున 6 దాకా. మా కంపెనీల బెల్టులో ఆ గంటలు సరిపోవు. రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి, ఏ గల్లీలో చూసినా ఏ పగటి వేళైనా ఎవరో ఒకరికి అది నడిరాత్రి. నాయిన నైట్ డ్యూటీ చేసి వచ్చిన పొద్దులు నాకు గుర్తే, అమ్మ మమ్మల్ని చెప్పులు కూడా విప్పి నడవమనేది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని నేనే ఇలా చేశాను. సబ్‌వూఫరు సౌండు గోడలను లెక్కచేయదు. తలుపు మూస్తే మాటలు ఆగుతాయి, ఆ దిమ్ము ఆగదు. అది నాకు పనిలో భాగంగా తెలిసిన విషయమే.

2020 లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఉన్నాం. నాయిన మాత్రం అరుగు మీద. హైవే మీద లారీలు కూడా ఆగిపోయిన ఆ రోజుల్లో ఆయన బయట నిశ్శబ్దంలో కూర్చున్నాడు, మేం లోపల మోత మధ్య సినిమాలు చూశాం. ఆయనకు చాదస్తం పెరిగిందని అమ్మ దగ్గర అన్నాను. అమ్మ ఏమీ అనలేదు.

అదే ఎండాకాలం, పాత ఇంట్లో ఉన్న రెండు బాక్సులు తెచ్చి ముందు స్పీకర్ల వైర్లకే కలిపాను, ఇంకా నిండుగా ఉంటుందని. 8 ఓమ్‌లు, 8 ఓమ్‌లు పక్కపక్కన కలిపితే 4. నేను రోజూ వేసే లెక్క. 6 కన్నా తగ్గొద్దని డబ్బా వెనక రాసి ఉంది. పైగా గాజు తలుపుల అరలో గాలి ఆడదు. రెండు వారాలు రిసీవరు తనంతట తానే ఆగిపోయే ప్రొటెక్షన్‌లోకి పోతూ వస్తూ, ఒకరోజు ఎడమ ఛానెల్ పోయింది. బాగుచేయించడానికి 4,200. బాగుచేసిన పిల్లవాడు "ఊపిరాడనియ్యి సార్ దీనికి" అన్నాడు. రిసీవరును యూనిట్ పైకి మార్చాను. సెంటర్ స్పీకరు మాత్రం అరలోనే ఉంది. దాని సంగతి నాకు తట్టలేదు.

2022 చలికాలంలో ఒక రాత్రి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చాను. టీవీ నడుస్తోంది, సౌండు చాలా తక్కువ. మా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. తాత కుర్చీ ముందు నేల మీద కూర్చుని, వెనక్కి తిరిగి ఆయన మొఖంలోకి చూస్తూ, సినిమాలో ఎవరేమన్నారో ఒక్కో మాటా నింపాదిగా చెప్తోంది. పెదాలు కదపడం పెద్దగా, గొంతు మాత్రం మామూలుగా. నాయిన ఆమె నోటి వంక చూస్తున్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు. మూడేళ్లలో ఆయన టీవీ ముందు నవ్వడం నేను చూడలేదని అప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల చెప్తున్నవు?" అని బిడ్డను అడిగాను. "ఎప్పటి నుంచో. తాతకు సౌండు వినస్తది నాన్నా. మాటలు వినరావు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆ వారంలోనే సెలవు పెట్టి నాయినను కోఠి ఈఎన్‌టీ దవాఖానకు తీసుకుపోయాను. రిసీవరు కొన్న గల్లీ నుంచి నడిచిపోయేంత దూరం. అటువైపు నడుస్తుంటే స్పీకర్ల దుకాణాల బోర్డులు కనిపించాయి. మూడేళ్ల కింద ఆ డబ్బు జేబులో పెట్టుకుని నేను ఏ గల్లీలోకి తిరగాల్సింది, ఏ గల్లీలోకి తిరిగాను అని నడిచినంతసేపూ అనుకున్నాను.

చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా ఒక్కో స్వరం ఎంత మెల్లగా వినబడుతుందో చూశారు. కాగితం మీద గీత ఎడమవైపు పర్వాలేదు. 2,000 దాటాక దిగడం మొదలుపెట్టి, 4,000 దగ్గర బావిలా పడిపోయింది. 8,000 దగ్గర కాస్త లేచింది. అంత పడ్డాక ఆ కాస్త లేవడం ఎందుకని అడిగితే, చప్పుడులో పనిచేసిన చెవి ముందుగా పోయేది ఆ 4,000 చుట్టుపక్కలే అని ఆడియాలజిస్టు చెప్పింది. వయసు ఒక్కటే అయితే గీత చివరిదాకా దిగుతూనే పోతుందట. "పెద్దాయన ఏం పని చేశారు?" అని అడిగింది. ఫోర్జింగ్ అన్నాను. తల పంకించింది.

తర్వాత ఆమె వివరించిన విధానం నేను మరిచిపోను. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి కింది స్వరాల్లో ఉంటాయి. స, శ, చ, త, క, ప లాంటి హల్లులకు బలం తక్కువ, వాటిని గుర్తుపట్టించే భాగం పై స్వరాల్లో ఉంటుంది. నాయినకు అచ్చులు వినబడతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. కానీ సారు, చారు, కారు మూడూ ఆయనకు 'ఆరు'. అన్నం దగ్గర అమ్మ చారు పోయనా అంటే "ఎవరొచ్చిండ్రు?" అని గుమ్మం వైపు చూసిన రోజులు నాకు గుర్తొచ్చాయి. మేం నవ్వేవాళ్లం. ఆయన కూడా మాతో కలిసి నవ్వేవాడు, ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండానే.

ఇంకో విషయం చెప్పింది. ఇలాంటి చెవికి మెల్లటి సౌండు అందదు, కానీ పెద్ద సౌండు మనకు తోచినంత పెద్దగానూ తోస్తుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బాధిస్తుంది. వినబడటం మొదలయ్యే చోటికీ, భరించలేని చోటికీ మధ్య మనకుండే జాగా ఆయనకు ఇరుకైపోయింది. గొంతు పెంచి అరిస్తే అచ్చులే ఇంకా గట్టిగా గుద్దుతాయి, హల్లులు దొరకవు. సప్పుడు మస్తున్నది, మాట సమజైతలేదు. దసరా నాడు నాయిన ఒక్క ముక్కలో చెప్పిన రోగనిర్ధారణ అదే.

పటాన్‌చెరు అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది నక్కవాగు. కంపెనీల నీళ్లు కలిసి వాగు పాడైతే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పోవాల్సిందే. నీళ్ల రంగు మారితే రైతుకు కనబడుతుంది, వాసన వస్తుంది, చేపలు తేలుతాయి. చెవి లోపల కేశ కణాలు చచ్చిపోతే ఏదీ తేలదు, మళ్లీ మొలవవు కూడా. నాయిన పనిచేసిన కాలానికి వర్తించిన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం ఉండేది, సీసం విషం, సిలికోసిస్ పక్కనే. ఆ జబ్బు గుర్తిస్తే ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాల్సి ఉండేది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటొద్దని నియమం ఉండేది. నాయినను అడిగితే, చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లమని, చెమటకు అది జారిపోయేదని చెప్పాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ ఎవరూ ఆయన చెవులు పరీక్షించలేదు. ఇంట్లో ఉన్న నేనూ పరీక్షించలేదు కాబట్టి ఆ మాట గట్టిగా అనే హక్కు నాకు ఎంత ఉందో తెలియదు. అయినా అంటాను.

దవాఖాన నుంచి వచ్చిన ఆదివారం రిసీవరు మాన్యువల్ మొదటిసారి మొత్తం చదివాను. నాయినకు కావలసినవన్నీ ఆ 28 వేల డబ్బాలో మొదటి రోజు నుంచీ ఉన్నాయి.

ముందు సెంటర్ స్పీకరును గాజు అర నుంచి బయటికి తీశాను. టీవీ కింద బల్ల అంచుకు జరిపి, ముందు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి, కూర్చున్న మనిషి మొఖం వైపు కాస్త ఎత్తాను. మల్టీ స్టీరియో తీసేశాను. సెట్టింగుల్లో ఒక్కో స్పీకరు బలం విడిగా మార్చుకునే చోటుంది, సెంటర్‌ను 4 డెసిబెల్స్ పెంచాను, వెనకవి తగ్గించాను. సబ్‌వూఫరును మూల నుంచి లాగాను. పన్నెండు అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, పది అడుగుల వైపు 56 దగ్గర గాలి తనంతట తాను ఊగుతుంది, మూలన పెట్టిన సబ్‌వూఫరు ఆ రెండు ఊపులనూ పూర్తిగా లేపుతుంది. నా గుండె అదిరింది అందుకే. ఆ మోతలో మగవాళ్ల గొంతు మునిగిపోతుంది.

తర్వాత టీవీ. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అన్నచోట పీసీఎమ్ అని ఉంది. మా టీవీ, రిసీవరుకు పోయే ఏఆర్‌సీ తీగలోంచి పీసీఎమ్ పంపితే వెళ్లేవి రెండే ఛానెళ్లు. అంటే కొత్త సినిమాల్లో సౌండు చేసినవాళ్లు మాటలను విడిగా సెంటర్‌లో పెట్టి పంపితే, మా టీవీ వాటిని సంగీతంతో, పేలుళ్లతో కలిపి రెండుగా పిసికి ఇచ్చింది. మూడేళ్లు నేను 5.1 అనుకుని విన్నది అది. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కు మార్చగానే రిసీవరు ముందు డాల్బీ డిజిటల్ అని వెలిగింది. ఆ అక్షరాలు నేను అంతకుముందు చూడలేదు. నైట్ మోడ్ కూడా అప్పుడే పనిచేయడం మొదలుపెట్టింది. పెద్ద సౌండ్లను దించి చిన్నవాటిని పైకి తెస్తుంది అది. మా రిసీవరులో డాల్బీ ట్రాకు అందితేనే దానికి పని. ఇరుకైపోయిన నాయిన చెవి జాగాలోకి సినిమా మొత్తాన్ని సర్దేది ఆ ఒక్క మీటే.

చివరికి కుర్చీ. తలుపు దగ్గర పన్నెండు అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఆరడుగులకు తెచ్చాను. దూరం సగమైతే నేరుగా వచ్చే సౌండు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, గోడల మోత మాత్రం అంతే ఉంటుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒక పాత జంపకానా నేల మీద, దర్వాజకు మందపాటి పరదా. నా భార్య పరదా కుట్టుకుంటూ, "మొదట్లనే ఆయన్ని అడిగితే అయిపోయేది" అంది. అవును.

సాయంత్రం 'దాన వీర శూర కర్ణ' పెట్టాను. వాల్యూమ్ 36. నాయిన మొదట కుర్చీ వెనక్కి జరపబోయి, ఆగిపోయాడు. కొలువు దృశ్యం వచ్చేసరికి ఆయన పెదాలు కదులుతున్నాయి. తెరమీద మాట కన్నా అర క్షణం ముందు కదులుతున్నాయి. ఎంత భాగం చెవులతో విన్నాడో, ఎంత భాగం క్యాసెట్టు కాలం నుంచి గుర్తున్నదో నాకు తెలియదు. లేచి మాత్రం పోలేదు.

కొన్ని నెలలకు ఒక చెవికి మెషీన్ పెట్టించాం. అది పెట్టుకుంటే చెంచాల చప్పుడు, ప్లాస్టిక్ సంచి చప్పుడు కోస్తున్నట్టుందని తీసి జేబులో వేసుకునేవాడు. అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. పదేళ్లు ముందొచ్చి ఉంటే మెదడు ఆ సౌండ్లను మరిచిపోకుండా ఉండేదని చెప్పారు. ఇప్పటికీ కొత్త సినిమాలో గబగబా మాట్లాడే కుర్రవాళ్ల సంభాషణ ఆయనకు అందదు. సెంటర్ స్పీకరును ఎంత ఎత్తినా అందదు. పోయినవి పోయాయి.

నాయినను పరీక్షకు తీసుకుపోయిన రోజే దవాఖానలో, క్యూ తక్కువగా ఉందని ఆయన తర్వాత నా చెవులు కూడా చూపించుకున్నాను. ఈ సంగతి ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు. కుడిచెవి గీతలో 4,000 దగ్గర చిన్న గుంట ఉంది. మా కంపెనీలో కంప్రెసర్ రూము గుమ్మం పక్కన మేకుకు ఇయర్‌మఫ్‌లు వేలాడుతుంటాయి. పదిహేనేళ్లుగా వాటి పక్క నుంచి లోపలికి పోయాను, ఐదు నిమిషాల పనికి ఎందుకని. రోజుకు ఎన్ని ఐదు నిమిషాలో లెక్కపెట్టలేదు. వాల్యూమ్ 58 నాకు హాయిగా ఉండటానికి కారణం స్పీకర్లలో ఎంత ఉందో నా చెవిలో ఎంత ఉందో ఇప్పుడు చెప్పలేను. ఆ మర్నాటి నుంచి మఫ్‌లు లేకుండా ఆ గుమ్మం దాటలేదు. నా కింద చేసే ముగ్గురు కుర్రవాళ్లను కూడా దాటనివ్వను. వాళ్లకు విసుగ్గానే ఉంది.

ఇంట్లో రిమోట్ మా బిడ్డ దగ్గర ఉంటుంది. సినిమా మొదలుపెట్టే ముందు తాత మొఖం చూసి ఒకటి రెండు అంకెలు పెంచుతుంది, దించుతుంది. నాయిన అప్పుడప్పుడు చెయ్యి ఎత్తుతాడు. ఏదో ఒక మాట దొరకలేదని అర్థం. ఆమె ఆపి, పది సెకన్లు వెనక్కి పోయి, మళ్లీ వేస్తుంది. రెండోసారీ దొరక్కపోతే ఆయన వైపు తిరిగి తనే చెప్తుంది.